కేబుల్ కాలుతోందా? కొత్త బ్యాటరీ కొనే ముందు ఈ టెస్ట్ చేయండి

నమస్కారం అండీ! పోయిన ఆదివారం మా బావగారు తన పాత డీజిల్ కారు తెచ్చారు. "సెల్ఫ్ కొడితే మూలుగుతోంది, బ్యాటరీ పోయినట్టుంది, కొత్తది వేయించేద్దాం" అన్నారు. కాస్త ఆగమన్నాను. నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టించి, నెగటివ్ టెర్మినల్‌కి వేలి వెనక వైపు తగిలించి చూశాను. చురుక్కుమంది. అదే కేబుల్‌ని జానెడు అవతల పట్టుకుంటే చల్లగానే ఉంది!

దయచేసి ఈ తేడా పట్టుకోండి. క్లాంప్ (కేబుల్ చివర బ్యాటరీ టెర్మినల్‌ని పట్టుకునే బిగింపు) దగ్గర మాత్రమే కాలుతుంటే అక్కడ కాంటాక్ట్ బాగాలేదు. కేబుల్ పొడవునా కాలుతుంటే స్టార్టర్ మోటారు (సెల్ఫ్ కొడితే ఇంజిన్‌ని తిప్పేది) ఎక్కువ కరెంటు లాగుతోంది, లేదంటే ఎవరో సన్న కేబుల్ వేసేశారు. పొగ గానీ, ప్లాస్టిక్ మాడిన వాసన గానీ వస్తే మాత్రం మళ్లీ కీ తిప్పొద్దు.

స్టార్టర్ 150 ఆంపియర్లు లాగుతోందనుకోండి. జాయింట్‌లో ఓమ్‌లో నూరో వంతు రెసిస్టెన్స్ ఉన్నా ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది, 225 వాట్ల వేడి పుడుతుంది. అంటే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు తొమ్మిది ఒకేచోట పెట్టినట్టు! కాలదా మరి?

ఇప్పుడు మల్టీమీటర్, అంటే వోల్టులు కొలిచే మీటరు. డీసీ 20 వోల్టులకు తిప్పండి. ఒక ప్రోబ్ (మీటరు వైరు చివరి పుల్ల) బ్యాటరీ పోస్ట్ మీద, అంటే మధ్యలో ఉండే సీసం బొడిపె మీద. రెండోది దాన్ని పట్టుకున్న క్లాంప్ మీద. గేరు న్యూట్రల్‌లో ఉంచి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.1 వోల్టు దాటకూడదు. బావగారి కారులో 1.3 చూపించింది! పాజిటివ్ వైపు కూడా ఇలాగే చూడాలి.

విప్పేటప్పుడు చేతి ఉంగరం తీసేయండి. ముందు నెగటివ్ విప్పాలి, బిగించేటప్పుడు అదే చివర. పాజిటివ్ ముందు విప్పుతూ స్పానర్ కారు బాడీకి తగిలిందంటే నిప్పులే. మాకు క్లాంప్ లోపలంతా తెల్లటి బూజులాంటి పొడి. వేడినీళ్లలో వంట సోడా కలిపి పోస్తే బుసబుసా పొంగింది. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు, జాగ్రత్త. వైర్ బ్రష్‌తో సీసం మెరిసేదాకా రుద్ది, కడిగి, ఆరబెట్టి, గట్టిగా బిగించి, పైన వాజిలీన్ రాశాం. మళ్లీ సెల్ఫ్ కొడితే మీటరు 0.05. కొత్త బ్యాటరీ ఖర్చు తప్పింది.

లోపల రాగి పచ్చబడి, పొడిపొడిగా రాలుతుంటే మాత్రం శుభ్రం చేసి లాభం లేదు, కేబుల్ మార్చాల్సిందే. కొనేటప్పుడు ఒక తీగను బ్లేడుతో గీకి చూడండి. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా తేలిందంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం. అదే లావులో రాగి కేబుల్ కంటే ఎక్కువ వేడెక్కుతుంది. తీసుకోకండి.