ఆ రోజు మీరు ఎవరి ముఖం చూశారు?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకు, వెనక నిలబడి వింటున్న మీ అందరికీ నమస్కారం.

ఈ రోజు నవంబరు 19. మన జిల్లాలో ఈ తేదీ చెబితే యాభై దాటిన వాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. ఇందాక నిర్వాహకులు తేదీ చదివినప్పుడు మూడో వరసలో ఒక పెద్దాయన తల దించుకోవడం చూశాను. 1977లో ఇదే తేదీన, శనివారం నాడు, దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

మాది చల్లపల్లి దగ్గర పల్లెటూరు. సముద్రం మా దాకా రాలేదు. గాలి వచ్చింది. మా పశువుల పాక కప్పు లేచిపోయి పక్క చేలో పడింది. అమ్మ మమ్మల్ని ధాన్యం బస్తాల మధ్య కూర్చోబెట్టి పైన దుప్పటి కప్పింది. రాత్రంతా ఆ గాలి అరుపు వింటూనే ఉన్నాం. తెల్లారాక కబురు వచ్చింది. నాగాయలంక అవతల ఊళ్లు లేవు, సొర్లగొంది లేదు, పాలకాయతిప్ప లేదు అన్నారు. ఊరు లేకపోవడం అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. ఊరు ఎక్కడికి పోతుంది?

మా ఊరి మగవాళ్లు ట్రాక్టరు మీద బియ్యం, పులిహోర పొట్లాలు వేసుకుని బయల్దేరారు. నాన్న కూడా వెళ్లాడు. నాలుగు రోజుల తర్వాత తిరిగి వచ్చాడు. నేను ఎదురు పరిగెత్తాను. నాన్న చెయ్యి అడ్డం పెట్టి "దగ్గరికి రాకు" అన్నాడు. నా వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ముఖం తిప్పేసుకున్నాడు. అమ్మ దొడ్లో నీళ్లు కాచి పోసింది, ఆయన వేసుకున్న బట్టలు దూరంగా తీసుకెళ్లి కాల్చేసింది. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు.

నేనేం అనుకున్నానో తెలుసా? అంతకు రెండు రోజుల ముందు లాంతరు చిమ్నీ పగలగొట్టాను. అది నాన్నకు తెలిసిపోయింది, అందుకే నా ముఖం చూడటం లేదు అనుకున్నాను. ఆ వారంలోనే నా ఎర్ర రిబ్బన్లు కూడా పెట్టెలోంచి మాయమయ్యాయి. అవీ శిక్షలో భాగమే అనుకున్నాను. అమ్మను అడిగితే "ఊరుకోవే" అంది. ఇంకోసారి అడిగితే కసిరింది. జడలకు నల్ల తాడు కట్టి బడికి పంపింది.

దివిసీమలో పోయినవాళ్లు 10 వేల మంది అని ఒక లెక్క, 14 వేల పైచిలుకు అని మరో లెక్క. అంతమంది పోయిన ఉప్పెనలో నాకు మిగిలింది ఒక చిమ్నీ, రెండు రిబ్బన్లు, నాన్న తిప్పుకున్న ముఖం. ఇది చెప్పడానికి చాలాకాలం సిగ్గుపడ్డాను. తర్వాత టీచరునయ్యాను. ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లల మధ్య ఉన్నాక తెలిసింది, పిల్లలందరికీ ఇంతే. దేశానికి ఏం జరిగిందో పిల్లలు చూడరు. ఆ కబురు విన్న పెద్దవాళ్ల ముఖం చూస్తారు. ఆ ముఖం అలా ఎందుకు మారిందో ఎవరూ చెప్పకపోతే, తమ వల్లే అనుకుంటారు.

అందుకే మా బడిలో ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని ఇస్తాను. ఇంటికి వెళ్లి తాతనో, నానమ్మనో, పక్కింటి పెద్దావిడనో ఒక్కటే అడగమంటాను. "మీ చిన్నప్పుడు దేశమంతా ఏడ్చిన రోజు ఏది? ఆ రోజు మీరు ఎవరి ముఖం చూశారు?" వాళ్లు రాసుకొచ్చిన నోటు పుస్తకాలు ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. ఈ రోజు నేను చెప్పేది చాలావరకు ఆ పెట్టెలోదే.

మా ఇంటి సంగతితోనే మొదలుపెడతాను. గాంధీగారు పోయేనాటికి మా నాన్నకు తొమ్మిదేళ్లు, ఉప్పెన నాటికి నాకున్నన్ని. 1948 జనవరి 30 సాయంత్రం ఢిల్లీలో బిర్లా హౌస్ తోటలో ప్రార్థనకు నడిచి వెళ్తున్న ఆయన్ని కాల్చారు. ఆ రాత్రి కరణంగారి అరుగు మీద రేడియో చుట్టూ ఊరంతా చేరిందని, నెహ్రూగారు ఏడుస్తూ "మన బతుకుల్లో వెలుగు పోయింది" అన్నారని, ఆ మాట తాను చెవులారా విన్నానని నాన్న ఎప్పుడూ చెప్పేవాడు. చెబుతుంటే ఆయన గొంతు వణికేది. మేం కూడా ఏడ్చేవాళ్లం.

ఒకసారి మా నానమ్మ ఆ మాటకు అడ్డం పడింది. "ఏరా, అప్పటికి మన ఊళ్లో రేడియో ఎక్కడిదిరా? పొద్దున బందరు నుంచి వచ్చిన మనిషి చెప్పాడు గదా" అంది. నాన్న ఒప్పుకోలేదు. నేను ఆరా తీశాను. విజయవాడ రేడియో కేంద్రమే 1948 డిసెంబరులో మొదలైంది. నెహ్రూగారి ఆ మాటలు ఇంగ్లీషులో ప్రసిద్ధమైనవి. తొమ్మిదేళ్ల పల్లెటూరి పిల్లవాడికి అవి తెలుగులో ఎలా వినబడతాయి? నానమ్మ చెప్పిందే నిజం. తర్వాతెప్పుడో విన్నది, చదివింది అంతా కలిసి నాన్న లోపల ఆ రాత్రిగా పేరుకుపోయింది.

నాన్న అబద్ధమాడాడని నేను అనను. మనసు చేసే పని ఇది. 1977లోనే, మా ఉప్పెన ఏడే, రోజర్ బ్రౌన్, జేమ్స్ కులిక్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఇలాంటి జ్ఞాపకాలకు ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకాలు అని పేరు పెట్టారు. ఫోటో తీసేటప్పుడు లైటు భగ్గుమన్నట్టు, పెద్ద దుర్వార్త విన్న క్షణం మొత్తం మనసులో ముద్రపడిపోతుందని వాళ్లన్నారు. తర్వాత ఉల్రిక్ నైసర్ అనే ఆయన దాన్ని ప్రశ్నించాడు. మొదట తన జ్ఞాపకాన్నే ప్రశ్నించుకున్నాడు. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగినప్పుడు ఆయన పిల్లవాడు. రేడియోలో బేస్‌బాల్ మ్యాచ్ వింటుంటే మధ్యలో ఆ వార్త చెప్పారని ఏళ్ల తరబడి నమ్మాడు. డిసెంబరులో అమెరికాలో బేస్‌బాల్ ఆడరన్న సంగతి ఎన్నో ఏళ్లకు గానీ ఆయనకు తట్టలేదు.

1986లో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన మర్నాడు, వార్త ఎక్కడ ఎలా విన్నారో తన దగ్గరి విద్యార్థుల చేత రాయించి పెట్టాడు ఆయన. రెండున్నర మూడేళ్ల తర్వాత మళ్లీ అడిగితే చాలామంది వేరే చోటు, వేరే మనుషుల్ని చెప్పారు, అదీ గట్టి నమ్మకంతో. వాళ్ల చేతిరాత వాళ్లకే చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదట. ఇది చదివినప్పుడు నాకు మా నాన్న, కరణంగారి అరుగు గుర్తొచ్చాయి.

కానీ నాన్న చెప్పినదాంట్లో ఒక ముక్కను నానమ్మ కూడా కాదనలేదు. కబురు తెలిశాక ఆ రోజు మా ఊళ్లో పొయ్యి వెలగలేదు. ఇంట్లో మనిషి పోయినట్టే ఆడామగా కాలవకు వెళ్లి తలమీంచి స్నానం చేసి వచ్చారు. అప్పటికి రెండేళ్లుగా మాటల్లేని మా తాత, ఆయన తమ్ముడు ఒకే రేవులో మునిగి లేచారు. నాన్న తన తండ్రి ఏడవడం చూసింది ఆ ఒక్కసారే. రేడియో లేదు గానీ ఆ ముఖం ఉంది.

1984 అక్టోబరు 31 నాటికి నేను బందరులో ఇంటర్ చదువుతున్నాను. అది బుధవారం. పొద్దున తొమ్మిదిన్నర కూడా కాకముందే ఇందిరాగాంధీని ఆమె ఇంటి ఆవరణలోనే కాల్చారు. బీబీసీ వినేవాళ్లకు ముందే తెలిసిపోయింది. మన రేడియో అధికారికంగా చెప్పింది సాయంత్రమే. మధ్యలో ఆ పగలంతా ఊరు గుసగుసలతో నిండిపోయింది. కొట్లు ఒక్కొక్కటే మూసేశారు. ఆ తర్వాత రేడియోలో రోజుల తరబడి విషాద సంగీతమే. ఇప్పటికీ ఎక్కడైనా వయొలిన్ ఒక్కటే నెమ్మదిగా వినబడితే నాకు ఆ వారమే గుర్తుకొస్తుంది.

ఇక్కడ మన తెలుగువాళ్ల మనసు సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఆగస్టులోనే ఎన్టీ రామారావుగారి ప్రభుత్వాన్ని పడగొట్టారు. నెల రోజులు రాష్ట్రమంతా రోడ్ల మీద ఉంది. మా మేనత్త ఇందిరాగాంధీని తిట్టని తిట్టు లేదు. సెప్టెంబరు 16న ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయినప్పుడు వీధంతా బెల్లం పంచింది. అదే మేనత్త అక్టోబరు 31న గడప మీద కూలబడి "ఇందిరమ్మ పోయిందే" అని గుండెలు బాదుకుంది. నేను తెల్లబోయి చూశాను. ఇందిరమ్మ అప్పుడు మన మెదక్ ఎంపీ కూడా. తిట్టుకున్నా, ఓట్లు వేసినా, ఆమె ఇంటి మనిషే. పదహారేళ్ల వయసులో ఆ గడప దగ్గర నేను నేర్చుకున్నది ఏ సోషల్ పాఠంలోనూ లేదు.

అయితే ఈ కథను ఇక్కడితో ఆపితే అన్యాయం. చాలా ఏళ్ల తర్వాత ఒక ఉపాధ్యాయ శిక్షణలో ఢిల్లీ నుంచి వచ్చిన సిక్కు మాస్టారు ఒకాయన కలిశారు. 1984లో ఆయనకు ఏడేళ్లు. ఇందిరాగాంధీ పేరు ఎత్తగానే నేను మా మేనత్త సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని తన సంగతి చెప్పారు. వీధి చివర మంట కనబడుతుంటే వాళ్లమ్మ ఆయన్ని వంటింట్లో కూర్చోబెట్టి, కూరగాయలు తరిగే కత్తితో జుట్టు కోసేసిందట. "అమ్మ ఏడుస్తూ కోసింది. నేనేదో పాపం చేశాననుకున్నాను" అన్నారు. ఇందిరాగాంధీని కాల్చింది ఆమె సిక్కు అంగరక్షకులని ఆ నవంబరు మొదటి రోజుల్లో జరిగిన దాడుల్లో, ఒక్క ఢిల్లీలోనే చనిపోయిన సిక్కులు 2,733 మంది అని అధికారిక లెక్క. నేను వయొలిన్ వింటూ కూర్చున్న రోజులు అవే. ఒకే దేశం, ఒకే వారం. ఒక పిల్లకు మిగిలింది సంగీతం, ఒక పిల్లవాడికి మిగిలింది కత్తి. ఆయన మాట విన్నాక దేశం ఏడ్చిన రోజు అనేటప్పుడు నేను కొంచెం తడబడతాను. ఎవరి ఏడుపు లెక్కలోకి వచ్చింది, ఎవరిది రాలేదు అని కూడా అడగమని పిల్లలకు చెబుతాను.

1991 మే 21 గురించి రాసిన పిల్లలు తక్కువే. ఆ రోజు రాజీవ్‌గాంధీ విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని మద్రాసు విమానం ఎక్కారు, రాత్రి పది దాటాక శ్రీపెరుంబుదూరులో చనిపోయారు. ఒక అబ్బాయి వాళ్ల నాన్న చెప్పింది రాసుకొచ్చాడు. ఇంటి మీద పసుపు జెండా ఉండేదట. తెల్లవారుజామున వాళ్ల తాత వణుకుతున్న చేతులతో దాన్ని దించి గడ్డివాములో దాచాడట. మర్నాడు మన రాష్ట్రంలో తెలుగుదేశం వాళ్ల ఆస్తుల మీద దాడులు జరిగాయి. అప్పటికి ఏడేళ్లున్న ఆ నాన్నకు రాజీవ్‌గాంధీ ముఖం గుర్తులేదు, తాత చేతులు గుర్తున్నాయి.

తర్వాత టీవీ వచ్చింది. 2008 నవంబరు 26 రాత్రి ముంబయిలో మొదలైన దాడి 29 ఉదయం దాకా సాగింది. 166 మంది చనిపోయారు. మా అమ్మాయికి ఏడేళ్లు. మేం టీవీ కట్టేయలేదు, తప్పు మాదే. తాజ్ హోటల్ గుమ్మటం మీంచి పొగ వస్తున్న బొమ్మను వందసార్లు చూపించారు. మూడో రోజు అది నన్ను అడిగింది, "అమ్మా, ఊళ్లో హోటళ్లన్నీ కాలిపోతున్నాయా?" చూపించిన ప్రతిసారీ అది కొత్త హోటలే అనుకుంది. మా నాన్నకు కబురు ఒక్కసారే వచ్చింది, మర్నాడు. నా బిడ్డకు వంద సార్లు వచ్చింది. పైగా ఆ మూడు రోజులూ మా ముఖాలు టీవీ వైపే ఉన్నాయి. మా పిల్ల వైపు లేవు.

ఇక కరోనా. పిల్లలూ, ఇది మీది. 2020 ఏప్రిల్‌లో మిరప కోతలకు తెలంగాణ వచ్చిన పన్నెండేళ్ల అమ్మాయి లాక్‌డౌన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని తన ఇంటికి నడుచుకుంటూ వెళ్తూ దారిలోనే చనిపోయింది. మన ఇళ్లలో కూరకు వేసే కారం వెనక ఆ పిల్ల ఉంది. మరుసటి ఏడాది రెండో వేవ్ వచ్చింది. బడులు తెరిచాక నేను మామూలు ప్రశ్నే ఇచ్చాను. ఒక అమ్మాయి ఇలా రాసింది: "మా నాన్న మేడ మీదికి వెళ్లి ఫోన్‌లో అందర్నీ ఆక్సిజన్ అడిగేవాడు. కిందికి వచ్చేటప్పుడు ముఖం కడుక్కుని వచ్చేవాడు. మామయ్య పోయాడని నాకు పదకొండు రోజులు చెప్పలేదు. కానీ నాన్న ముఖం కడుక్కున్నప్పుడే నాకు తెలిసిపోయింది." నేను ఆ కాగితం మీద మార్కులు వేయలేకపోయాను. వాళ్ల నాన్నను బడికి పిలిపించి ఆ కాగితం చేతిలో పెట్టాను. ఆయన నిలబడి చదివారు, తర్వాత కూర్చున్నారు.

ఆ రోజు సాయంత్రమే నేను మా ఊరు వెళ్లాను. నాన్నకు అప్పటికి ఎనభై దాటాయి. మంచం పక్కన కూర్చుని, నలభై నాలుగేళ్లుగా అడగనిది అడిగాను. "నాన్నా, దివి నుంచి వచ్చిన రోజు నా ముఖం ఎందుకు చూడలేదు? చిమ్నీ పగలగొట్టాననా?"

ఆయనకు చిమ్నీ గుర్తులేదు. చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకున్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"ముళ్లకంపలో చిక్కుకుని ఉందమ్మా. నీ ఈడుదే. రెండు జడలు. నేనే తీశాను. ఒంటి మీద గుడ్డ లేదు గానీ జడలు ఊడలేదు. వాళ్లమ్మ ఎంత గట్టిగా వేసిందో... ఎర్ర రిబ్బన్లు. ఇంటికొచ్చాక మీ అమ్మకు చెప్పాను, దానికి అవి కట్టకే, నేను చూడలేను అని."