నకలు వెనకున్న తేదీలు

అక్కలకు, చెల్లెళ్లకు, వెనక నిలబడ్డ అన్నలకు నమస్కారం. దేవరకొండ, చందంపేట దిక్కు నుంచి పొద్దున్నే బస్సెక్కి నల్లగొండకు వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే అసలు సంగతి ముందే చెప్తాను: కోర్టు తీర్పు మీద అప్పీలుకు పోవాలంటే తేదీలు చూసుకోవాలి.

కిందటేడు ఒక చెల్లె ప్లాస్టిక్ కవర్లో విడాకుల తీర్పు పట్టుకుని వచ్చింది. "పై కోర్టుకు పోదామక్కా" అన్నది. నేను తీర్పు చదవకముందే చివరి కాగితం వెనక్కి తిప్పాను. నకలు అంటే కోర్టు ముద్రేసి ఇచ్చే తీర్పు కాపీ. దాని వెనక ఒక ముద్ర ఉంటుంది. దరఖాస్తు పెట్టిన తేదీ, రుసుము అడిగిన తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, చేతికిచ్చిన తేదీ. ఆమె నకలు సిద్ధమై 26 రోజులు కోర్టులోనే పడి ఉంది. తెచ్చుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఫ్యామిలీ కోర్టు తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు చేయడానికి 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం, 19వ సెక్షన్, 30 రోజులు ఇస్తుంది. హిందూ వివాహ చట్టంలో 2003 సవరణ తర్వాత 90 రోజులని ఉంది. ఏది వర్తిస్తుందని హైకోర్టుల్లోనే వాదనలు నడిచాయి. మీరు మాత్రం 30 అనే గుర్తుపెట్టుకోండి. నకలు తయారీకి కోర్టుకు పట్టిన రోజులు గడువులోంచి తీసేస్తారు. రుసుము కట్టకుండా మనం జాగు చేసిన రోజులు, సిద్ధమయ్యాక తెచ్చుకోని రోజులు తీసెయ్యరు. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేయొచ్చు, ఆ చెల్లెకు అట్లనే వేశాం. కానీ తన గోడు చెప్పుకోకముందే ఆలస్యానికి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. నాకది ఇప్పటికీ బాధే.

హైకోర్టులో ఇద్దరు జడ్జీల బెంచ్ వింటుంది. మామూలుగా అక్కడ సాక్షులను మళ్లీ పిలవరు, కింది కోర్టు రికార్డే చూస్తారు. మీ ఆయనకు పొలం ఉందని, ట్రాక్టర్ కిరాయికి తిప్పుతాడని ఊరంతా ఎరుగుదురు. దానికి రుజువు కాగితం కింది కోర్టులో వేయకపోతే పైన కూర్చున్న జడ్జికి ఎట్లా తెలుస్తుంది? మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. ఆ కింది కోర్టులోనే గట్టిగా నిలబడండి. పాత సీఆర్‌పీసీలో 125, దాని బదులు వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో 144 సెక్షన్ కింద ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన మనోవర్తి ఉత్తర్వుకు అప్పీలు లేదు, హైకోర్టులో రివిజన్ వేయాలి, అంటే ఆ ఉత్తర్వు సరైనదో కాదో చూడమని అడగాలి. గృహహింస కేసులో మేజిస్ట్రేట్ ఉత్తర్వు మీద మాత్రం సెషన్స్ కోర్టుకు అప్పీలు ఉంది, 30 రోజుల్లోపు.

ఇంకొకటి. "అప్పీలు వేసిన, ఇక పైసలియ్య" అని భర్త అంటే నమ్మకండి. అప్పీలు వేసినంత మాత్రాన ఉత్తర్వు ఆగదు. ఉత్తర్వు ఆపమని పై కోర్టు ఇచ్చే స్టే కాగితం చూపించమనండి. అట్లాగే విడాకులు వచ్చిన మర్నాడే ఇంకో పెళ్లి కుదరదు. అప్పీలు గడువు దాటాలి, లేదా అప్పీలు కొట్టేసి ఉండాలి.

ఇద్దరి సమ్మతితో వచ్చిన డిక్రీ మీద ఫ్యామిలీ కోర్టుల చట్టం అప్పీలుకు దారి ఇవ్వదు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే ఇచ్చే అవార్డుకూ అప్పీలు లేదు. పెద్దమనుషులు తొందరపెడితే సంతకం ఆపి, ఇంటికి తీసుకుపోయి చదివించుకోండి.

వకీలు ఖర్చుకు భయపడొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, హైకోర్టులో కూడా. 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు పోండి.

కాగితాలు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండమ్మా. చివరి పేజీ వెనకవైపు మొదట చూద్దాం.