బండి ముందు నీళ్ళు పోసే మనిషి

శ్రోతలకు నమస్కారం.

పిరమిడ్ల మాట ఎత్తగానే ఎవరైనా అడిగే ప్రశ్న ఒక్కటే. అంతంత రాళ్ళు పైకి ఎలా ఎక్కించారు? దీనికి ఇన్నేళ్ళలో వచ్చిన జవాబులన్నీ చెప్పాలంటే ఈ పావుగంట ఏ మూలకూ చాలదు. అందుకని ఒక్క బొమ్మ తీసుకుని, అందులో ఒక్క మనిషి గురించి మాట్లాడతాను. చేతిలో కుండ పట్టుకుని, బండి ముందు నీళ్ళు పోస్తున్న మనిషి.

ఈజిప్టులో, నైలు నది తూర్పు గట్టున దేర్ ఎల్ బెర్షా అనే చోట జెహుతిహోతెప్ అనే ప్రాంతాధికారి సమాధి ఉంది. కాలం సుమారు క్రీస్తుపూర్వం 1850. ఆ సమాధి గోడ మీద ఒక పెద్ద చిత్రం ఉండేది. ఉండేది అనే అనాలి. 19వ శతాబ్దం చివర్లో అది బాగా పాడైపోయింది. అంతకు ముందే కొందరు నకళ్ళు గీసి పెట్టారు కాబట్టి ఈ రోజు దాని గురించి చెప్పుకోగలుగుతున్నాం.

బొమ్మలో ఏముంది? అధికారి విగ్రహం కుర్చీలో కూర్చుని ఉంది. ఎత్తు 13 మూరలు అని పక్కనే రాశారు. ఈజిప్టు రాజమూర సుమారు 52 సెంటీమీటర్లు, అంటే విగ్రహం ఇంచుమించు 6.8 మీటర్లు. బరువు 58 టన్నులు ఉంటుందని పండితుల అంచనా. దాన్ని చక్రాలు లేని చెక్క బండి మీద, స్లెడ్జ్ మీద, తాళ్ళతో బిగించి కట్టారు. తాడు రాతిని ఒరుసుకునే చోట రాయి అంచు చిట్లకుండా మెత్తలు పెట్టారు. ముందు నాలుగు వరసల్లో 172 మంది తాళ్ళు పట్టుకుని లాగుతున్నారు. విగ్రహం మోకాళ్ళ మీద ఒకడు నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. ఊపు తప్పకుండా అందరూ ఒక్కసారే లాగాలి కదా, అందుకు. కింద ముగ్గురు కావడి కుండల్లో నీళ్ళు మోసుకొస్తున్నారు. ఇక విగ్రహం పాదాల దగ్గర, బండి ముందు కొమ్ము మీద నిలబడి మన మనిషి నేల మీద నీళ్ళు పోస్తున్నాడు.

చాలా కాలం పాటు దీన్ని పూజా కార్యక్రమం అనుకున్నారు. విగ్రహం కదిలేటప్పుడు శుద్ధి కోసం నీళ్ళు చల్లుతున్నారని వ్యాఖ్యానించారు. నా దృష్టిలో ఆ వ్యాఖ్యానాన్ని కింద ఉన్న కావడి వాళ్ళే ఒప్పుకోరు. శుద్ధికి ఒక చెంబెడు చాలు. కావడి మీద కావడి నీళ్ళు మోయిస్తున్నారంటే, ఆ నీళ్ళతో పని ఉంది.

ఆ పని ఏమిటో 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో డేనియల్ బాన్ బృందం కొలిచి చూపించింది. పళ్ళెంలో ఎండిన ఇసుక పోశారు. చిన్న చెక్క బండి మీద బరువు పెట్టి, ఒకే వేగంతో లాగుతూ ఎంత బలం పడుతోందో కొలిచారు. తర్వాత ఇసుకలో కొద్దికొద్దిగా నీళ్ళు కలుపుతూ మళ్ళీ మళ్ళీ లాగారు.

పొడి ఇసుకలో ఏమైందంటే, బండి ముందు ఇసుక పోగుపడింది. బండి కదలాలంటే ముందు ఆ పోగును నెట్టాలి. నెడుతుంటే అది ఇంకా పెరుగుతుంది. బండి అడుగు కూడా ఇసుకలో దిగబడుతుంది. బరువులో సగం కంటే కొంచెం ఎక్కువ, అంటే నూటికి 55 వంతుల బలం లాగడానికే పోయింది. నీళ్ళు 2 నుంచి 5 శాతం మధ్యకు వచ్చేసరికి ఆ పోగు మాయమైంది. లాగే బలం నూటికి 30 వంతుల దగ్గరకు, ఇంచుమించు సగానికి దిగిపోయింది.

కారణం పిచ్చుకగూళ్ళు కట్టే పిల్లలందరికీ చేతికి తెలిసిందే. పొడి ఇసుక నిలబడదు, తడి ఇసుక నిలబడుతుంది. రెండు ఇసుక రేణువులు ఆనుకునే చోట సన్నని నీటి వంతెన ఏర్పడి, రేణువులను దగ్గరకు లాగి పట్టుకుంటుంది. సరైన తడిలో ఇసుక పొడి ఇసుక కంటే రెండింతలు గట్టిపడుతుంది. గట్టి నేల మీద బండి దిగబడదు, ముందు పోగు లేవదు. అయితే నీళ్ళు మరీ ఎక్కువైతే ఆ చిన్న చిన్న వంతెనలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పట్టు సడలుతుంది, ఇసుక బురదవుతుంది, లాగే బలం మళ్ళీ పెరుగుతుంది.

అంటే నీళ్ళు పోసేవాడిది ఎవరైనా చేసేసే పని కాదు. తక్కువైతే లాభం లేదు. ఎక్కువైతే నష్టం.

ఒక లెక్క వేద్దాం. మీటరు వెడల్పు దారి, పైన 5 సెంటీమీటర్ల లోతు వరకు తడపాలి అనుకోండి. ఒక మీటరు దూరానికి 50 లీటర్ల ఇసుక. అందులో 4 శాతం అంటే 2 లీటర్ల నీళ్ళు. 300 మీటర్ల దారికి 600 లీటర్లు. 20 లీటర్ల కావడి అయితే 30 కావళ్ళు. అది ఒక్కసారి తడపడానికి. ఆ ఎండకు దారి ఎంతోసేపు తడిగా నిలవదు, కాబట్టి కావడి ఆగడానికి వీల్లేదు.

ఇంకొకటి గమనించండి. నీళ్ళు పోసే మనిషి బండి ముందు కొమ్ము మీద ఉన్నాడు. తాడు లాగే వాళ్ళంతా అతనికి ముందు ఉన్నారు. అంటే వాళ్ళ పాదాల కింద నేల పొడిగానే ఉంది. వాళ్ళు దాటాక, బండి ఎక్కబోయే ముందు, ఆ రెండింటి మధ్య పడుతున్నాయి నీళ్ళు. లాగేవాడి కాలికి పట్టు కావాలి, బండి అడుగుకు జారుడు కావాలి. రెండూ ఒకే దారిలో దొరకాలంటే నీళ్ళు పోయాల్సిన చోటు అదొక్కటే. ఈ బొమ్మ గీసినవాడు పని చూసి గీశాడని నేను నమ్మేది ఇందుకే.

ఇప్పుడు గీజాకు వద్దాం. అక్కడ ఖూఫూ రాజు కట్టించిన పెద్ద పిరమిడ్డు ఈ బొమ్మ కంటే 700 ఏళ్ళు పాతది, సుమారు క్రీస్తుపూర్వం 2560 నాటిది. మొదట్లో ఎత్తు 146.6 మీటర్లు, ఒక్కో పక్క 230 మీటర్లు. రాళ్ళు సుమారు 23 లక్షలు, సగటున రాయి బరువు రెండున్నర టన్నులు. ఖూఫూ పాలన 26 ఏళ్ళు పైచిలుకు. అన్నేళ్ళూ రోజూ పని జరిగిందనుకుంటే రోజుకు 240 రాళ్ళు. పది గంటల పనిదినంలో రెండున్నర నిమిషాలకు ఒక రాయి.

భయపెట్టే లెక్కే. అయితే ఒక్క రాయి దగ్గర మొదలుపెట్టండి. రెండున్నర టన్నుల రాయి, సమతలమైన తడి ఇసుక, నూటికి 30 వంతులు. 750 కిలోల లాగుడు కావాలి. ఒక మనిషి ఆగకుండా 40 కిలోల బలంతో లాగుతాడనుకుంటే 19 మంది. అదే పొడి ఇసుక మీద 1,375 కిలోలు, 35 మంది. కుండెడు నీళ్ళు పదహారు మంది పని చేస్తున్నాయి. పదికి ఒకటి వాలు ఎక్కాలంటే రాయి బరువులో పదో వంతు, 250 కిలోలు అదనం. మొత్తం 1,000 కిలోలు, 25 మంది. 25 మందితో రాయి వాలు ఎక్కుతుంది. దీనికి గ్రహాంతరవాసుల అవసరం లేదు. ఈజిప్టు మనుషులు, ఈజిప్టు తాళ్ళు, నైలు నీళ్ళు చాలు.

మరి 58 టన్నుల విగ్రహానికి 172 మంది సరిపోతారా? తడి ఇసుక లెక్కలో మనిషికి 100 కిలోల పైన పడుతుంది. అది ఎక్కువే. అందుకని ఆ దారి మీద నైలు బంకమట్టి పరిచి, దాన్ని తడిపి ఉంటారనే వాదన ఉంది. తడిసిన బంకమట్టి ఇసుక కంటే ఇంకా బాగా జారుతుంది. పిరమిడ్ల దగ్గర దొరికిన దారులు చూస్తే నాకూ అదే సబబు అనిపిస్తుంది. లిష్ట్ అనే చోట రాళ్ళు లాగిన దారుల్లో అడ్డంగా దుంగలు పాతి ఉన్నాయి. కదలని దుంగలు. బండి వాటి మీదుగా జారుతుంది.

కింద గుండ్రటి దుంగలు దొర్లించారని చాలామంది చెబుతారు. గట్టి, చదునైన నేల మీద, దుంగలన్నీ ఒకే లావు ఉంటే అది పనిచేస్తుంది. ఇసుకలో దుంగ దిగబడుతుంది. ఒకటి లావు ఒకటి సన్నం అయితే బండి పక్కకు తిరుగుతుంది. పైగా ఈజిప్టులో పెద్ద మానులు తక్కువ. మంచి దేవదారు లెబనాన్ నుంచి ఓడల్లో రావాలి. ఆ కలపను రాళ్ళ కింద వేసి నలగ్గొట్టుకోరు.

ఇక ర్యాంపు, అంటే వాలు కట్ట. సిద్ధాంతాలన్నీ పోట్లాడుకునేది ఇక్కడే. నేరుగా ఒకటే కట్ట శిఖరం దాకా వేయాలంటే, పదికి ఒకటి వాలు చొప్పున కిలోమీటరున్నర పొడవు ఉండాలి. పక్కలు కూలకుండా వాలుగా పోస్తే కట్టలో పట్టే మట్టి పిరమిడ్డునే మించిపోతుంది. పిరమిడ్డు చుట్టూ తిరిగే కట్ట అయితే మట్టి తక్కువ పడుతుంది గానీ, మూలలు దాని కింద కప్పడిపోతాయి. నాలుగు అంచులూ తిన్నగా వస్తున్నాయో లేదో కింది నుంచి చూసి సరిచేసుకోవడం కష్టం. మూల తిరిగేటప్పుడు తాడు పట్టుకున్న వాళ్ళకు ముందు చోటే ఉండదు. కట్ట పిరమిడ్డు లోపలే ఉందని ఫ్రెంచి వాస్తుశిల్పి జాన్ పియెర్ ఊదాన్ చెప్పాడు. 2017లో, ఆకాశం నుంచి వచ్చి రాళ్ళలోంచి కూడా దూసుకుపోయే మ్యూయాన్ కణాలతో పిరమిడ్డు లోపల కనీసం 30 మీటర్ల పొడవున్న ఖాళీ కనిపెట్టారు. అయినా అది గ్రాండ్ గ్యాలరీకి, అంటే పిరమిడ్డు లోపలి పెద్ద ఏటవాలు నడవాకు, పైన ఉంది. గోడల వెంట తిరిగే దారి కాదు. రాళ్ళను కాంక్రీటులా పోత పోశారన్న వాదం కూడా ఉంది. రాళ్ళలోని నుమ్యులైట్ అనే చిన్న సముద్రజీవుల శిలాజాలు, సహజంగా పేరుకున్న పొరలు చూస్తే అది నిలబడదు.

ఈ పోట్లాటలో చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది. పిరమిడ్డు అడుగున లావు, పైన సన్నం. అందులోని రాయిలో సగం మొదటి 30 మీటర్ల ఎత్తులోనే అయిపోతుంది. మళ్ళీ చెబుతున్నాను, సగం రాయి 30 మీటర్ల లోపే. మూడో వంతు ఎత్తుకు, అంటే సుమారు 49 మీటర్లకు చేరేసరికి నూటికి 70 వంతులు పూర్తి. మూడింట రెండు వంతులకు చేరితే 96. 30 మీటర్ల ఎత్తుకు పదికి ఒకటి వాలు కట్ట పొడవు 300 మీటర్లు. గీజా పిరమిడ్డుకు ఎక్కువ రాయి ఇచ్చిన గని దక్షిణాన దాదాపు అంత దూరంలోనే ఉంది. గనిలోంచి తిన్నగా ఒక కట్ట వేస్తే సగం పని దానితోనే గడుస్తుంది. ఆ పైన సన్నటి కట్ట చుట్టూ తిరగవచ్చు, చిట్టచివర మీటలు పెట్టి ఎత్తవచ్చు. ఒక్క సిద్ధాంతమే శిఖరం దాకా నడవాలని పట్టుబట్టడం వల్లే ఇన్ని చిక్కులు వచ్చాయని నా అభిప్రాయం.

నిటారు వాలు ఎక్కించిన పద్ధతికి ఆనవాలు కూడా దొరికింది. హత్నుబ్ అనే గనిలో, ఖూఫూ కాలం నాటి కట్టను తవ్వి తీసి 2018లో ప్రకటించారు. వాలు నూటికి 20 లేదా అంతకు మించి ఉంది. రెండు పక్కలా మెట్లు, మెట్ల పక్కన గుంజలు పాతిన గుంటలు. తాడును గుంజకు చుట్టి లాగితే బరువు వెనక్కి జారకుండా గుంజ ఆపుతుంది. లాగే వాళ్ళలో కొందరు బండికి కింద ఉండి కూడా లాగగలరు. జెహుతిహోతెప్ విగ్రహం రాయి కూడా హత్నుబ్‌దే. ఆ మాట అతని సమాధిలోనే రాసి ఉంది.

బయటి తెల్లటి పలకలు మాత్రం గీజావి కావు. నైలు అవతల తురా గనుల నుంచి పడవల మీద వచ్చాయి. ఆ పడవలు నడిపిన మెరెర్ అనే అధికారి దినచర్య పపైరస్ మీద రాసి పెట్టాడు. 2013లో ఎర్ర సముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో పియెర్ తాలే బృందానికి దొరికింది. ఏ రోజు రాళ్ళు ఎత్తారు, ఏ రోజు పడవ సాగింది, రాత్రి ఎక్కడ బస చేశారు, అన్నీ వరసగా ఉన్నాయి. పది రోజుల్లో రెండు మూడు విడతలు తిరిగారు. పిరమిడ్డు పనిలో ఉన్నవాళ్ళ చేతిరాతలు ఇవి.

చివరగా, ఇంట్లో పిల్లలుంటే ఈ నీళ్ళ సంగతి వాళ్ళ చేతే కొలిపించండి. జల్లెడ పట్టిన ఇసుక 10 కిలోలు రెండు రోజులు ఎండబెట్టి వెడల్పాటి ట్రేలో పోయండి. చెక్క పలక మీద ఇటుక కట్టి, పలకకు తాడు, తాడుకు స్ప్రింగు త్రాసు తగిలించి నెమ్మదిగా, ఒకే వేగంతో లాగండి. మొదటి కుదుపు చూపే అంకె వద్దు, కదులుతున్నప్పటి అంకె రాసుకోండి. తర్వాత 100 మిల్లీలీటర్ల చొప్పున నీళ్ళు పోస్తూ, ప్రతిసారీ ఇసుక అంతా సమంగా కలిపి, పైన చదునుగా అదిమి, మళ్ళీ లాగండి. నీళ్ళు పైనే పోసి వదిలేస్తే ఒకచోట బురద, ఒకచోట పొడి ఉండి అంకెలు తప్పుతాయి. అంకె తగ్గుతూ వచ్చి, ఒకచోట మళ్ళీ పెరగడం మొదలుపెడుతుంది. అక్కడికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టాయో రాసి పెట్టుకోండి.

నమస్కారం.