తేలిక బరువు, బిగించిన పట్టీ: పెద్దవయసులో కండబలం

శ్రోతలకు నమస్కారం.

విశాఖపట్నంలో తెల్లవారుజామున వాహనాలను ఆపివేసిన బీచ్ రోడ్డు మీద, కాళీమాత ఆలయం నుంచి కురుసుర జలాంతర్గామి దాకా నడిచేవారిలో, పోర్టులోనో షిప్‌యార్డులోనో ఉక్కు కర్మాగారంలోనో పనిచేసి పదవీ విరమణ పొందిన పెద్దలు చాలామంది కనిపిస్తారు. నాలుగైదు కిలోమీటర్లు అవలీలగా నడిచే ఆ పెద్దమనుషులే, కాసేపు పిట్టగోడ మీద కూర్చుని లేవవలసి వచ్చేసరికి రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు లేస్తారు. నడక గుండెకు ఎంతో మేలు చేస్తుంది గాని, తొడ కండను పెంచే పని దానితో అంతగా జరగదు.

వయసుతో కండ కరగడాన్ని వైద్యులు సార్కోపీనియా అంటారు. 1989లో అర్విన్ రోజెన్‌బర్గ్ గ్రీకు మాటలతో కూర్చిన ఈ పేరుకు మాంసం తరగడం అని అర్థం. ముప్ఫై ఏళ్లు దాటాక ప్రతి పదేళ్లకూ సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుందని, అరవై దాటాక ఆ వేగం పెరుగుతుందని అంచనా. బలం అంతకన్నా త్వరగా పోతుంది. అందులోనూ ముందుగా సన్నబడేవి వేగంగా ముడుచుకునే కండపోగులు. కాలు జారినప్పుడు చటుక్కున నిలదొక్కుకోవడానికి పనికివచ్చేవి అవే. బీచ్ రోడ్డులో విగ్రహమై నిలిచిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గుండెల మీద ఏనుగును నిలుపుకున్నాడని గొప్పగా చెప్పుకుంటాం. మన పెద్దలకు స్నానాల గదిలో పడిపోకుండా ఉండే బలం ఉంటే చాలు.

దీనికి అసలైన మందు బరువులతో వ్యాయామం. ఒక మనిషి ఒకే ఒక్కసారి ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో దాదాపు 70 శాతంతో సాధన చేయాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. అయితే మోకాలి చిప్ప అరిగినవారు, శస్త్రచికిత్స జరిగినవారు అంత బరువును భరించలేరు. రక్తప్రవాహాన్ని కొంత నియంత్రించి చేసే వ్యాయామం వారికి దారి చూపుతోంది.

ఈ పద్ధతి పుట్టిన కథ చెబుతాను. 1966లో జపానులో యోషియాకి సాతో అనే యువకుడు ఒక బౌద్ధ కర్మకు వెళ్లి, మన వజ్రాసనం లాగా మడమల మీద చాలాసేపు కూర్చున్నాడు. కాళ్లు తిమ్మిరెక్కి, పిక్కలు బిగిసి ఉబ్బాయి. గట్టిగా వ్యాయామం చేసిన తర్వాత పిక్కలు ఎలా ఉంటాయో అచ్చం అలాగే ఉన్నాయని అతనికి తోచింది. ఆ తర్వాత సైకిలు ట్యూబులతో సొంత కాళ్ల మీదనే ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి రూపొందించిన పద్ధతికి కాట్సు అని పేరు వచ్చింది. ఒత్తిడిని చేర్చడం అని దాని అర్థం. వజ్రాసనం వేసి తిమ్మిరెక్కినవారు మన దేశంలో కోట్లమంది ఉన్నా ఇంత ఆలోచన ఎవరికీ రాకపోవడం నాకు కాస్త చిత్రంగానే అనిపిస్తుంది.

ఈ వ్యాయామానికి ముందు తొడ మొదట్లో బీపీ పట్టీ వంటిదాన్ని కట్టి గాలి నింపుతారు. ధమనుల గుండా వచ్చే రక్తం కొంత తగ్గుతుంది, పలుచని గోడలున్న సిరల గుండా వెనక్కి పోయే రక్తం చాలావరకు ఆగుతుంది. కండలో ప్రాణవాయువు తగ్గి, కండ పనిచేసేటప్పుడు పుట్టే లాక్టేటు వంటి పదార్థాలు పేరుకునేసరికి, నెమ్మదిగా పనిచేసే పోగులు త్వరగా అలసిపోతాయి. అప్పుడు శరీరం వేగపు పోగులను పనిలోకి దించక తప్పదు. మామూలుగా పెద్ద బరువు ఎత్తితేనే మేలుకొనే పోగులు ఇక్కడ చిన్న బరువుకే మేలుకొంటాయి. 2010లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో డెబ్బై ఏళ్ల ప్రాయంలోని ఏడుగురు పురుషులు గరిష్ఠ బరువులో 20 శాతంతోనే ఇలా వ్యాయామం చేయగా, వారి కండలో కొత్త ప్రొటీను తయారయ్యే వేగం గణనీయంగా పెరిగింది. ఏడుగురు చాలా చిన్న సంఖ్యే గాని, తరువాతి పరిశోధనలు కూడా ఆ దిశనే బలపరిచాయి.

లెక్క చెబుతాను. కాలితో ఒక్కసారి 20 కిలోలు ఎత్తగలిగినవారికి మామూలు సాధనలో 14 కిలోలు కావాలి. పట్టీతో 4 నుంచి 6 కిలోలు సరిపోతాయి. మొదట 30 సార్లు, తర్వాత పదిహేనేసి చొప్పున మూడు విడతలు, మధ్యలో అర నిమిషం విరామం. వారానికి రెండు మూడు రోజులు చాలు. కండ పెరుగుదల పెద్ద బరువులతో వచ్చేదానికి దగ్గరగా ఉంటుంది, బలం మాత్రం పెద్ద బరువులతోనే ఎక్కువగా వస్తుంది. ఈ రెండో మాటను పట్టీలు అమ్మేవారు చెప్పరు.

ఎంత బిగించాలన్నదే కీలకం. ఆ కాలిలో నాడి పూర్తిగా ఆగిపోయే ఒత్తిడిని రక్తప్రవాహాన్ని పసిగట్టే డాప్లర్ పరికరంతో కనుగొని, అందులో 40 నుంచి 80 శాతం మాత్రమే పెడతారు. తొడ లావును బట్టి, పట్టీ వెడల్పును బట్టి ఆ అంకె మారుతుంది కాబట్టి పక్కింటాయనకు సరిపోయినది మనకు సరిపోదు. కొలత చూపని ఎలాస్టిక్ పటకాలు కొనుక్కుని ఇంట్లో బిగించుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. జపానులో 12 వేలమందికి పైగా సాధకులపై 2006లో వెలువడిన సర్వేలో చర్మం కింద రక్తం కమిలినవారు సుమారు 13 శాతం ఉండగా, సిరల్లో రక్తం గడ్డకట్టడం 0.055 శాతంలోనే కనిపించింది. అరుదే, కాని అది ప్రాణం మీదికి తెచ్చే సంగతి. కాళ్లలో రక్తం ఎప్పుడైనా గడ్డకట్టినవారు, బీపీ అదుపులో లేనివారు, పిక్కల మీద సిరలు ఉబ్బినవారు, మధుమేహంతో అరికాళ్లకు స్పర్శ తగ్గినవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుడు ఒప్పుకుంటే తప్ప దీని జోలికి వెళ్లకూడదు. కట్టిన కాలు పాలిపోయినా, మొద్దుబారినా వెంటనే గాలి తీసేయాలి.

అనుకూలించినవారికి ఇది కొన్ని వారాల ఏర్పాటు. మోకాలు కుదుటపడి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం తేలికైన కొద్దీ, ఫిజియోథెరపిస్టు బిగింపు తగ్గిస్తూ బరువు పెంచుతూ పోతారు. మామూలు సాధనలోని బరువును పది సార్లు ఎత్తగలిగిన రోజున పట్టీ విప్పి పక్కన పెట్టేస్తారు.