ఎక్కించినందుకే డబ్బు: ఆస్ట్రేలియాకు ఖైదీల ఓడలు

[తెరపై: ఇంగ్లండ్ దక్షిణ తీరం, 1790 జనవరి. బయల్దేరుతున్న మూడు ఓడలు.]

ఖైదీకి 17 పౌండ్ల 7 షిల్లింగుల 6 పెన్నీలు. ఆస్ట్రేలియాకు తీసుకెళ్లడానికి బ్రిటిష్ ప్రభుత్వం ఓడల కాంట్రాక్టర్లకు ఒప్పుకున్న రేటు ఇది. అయితే తలలు లెక్కపెట్టేది ఓడ ఎక్కేటప్పుడే. సిడ్నీలో ఎంతమంది ప్రాణాలతో దిగారన్నది బిల్లుకు సంబంధం లేని విషయం!

అసలు అంత దూరం ఎందుకు? అమెరికా కాలనీలు తిరగబడేదాకా బ్రిటన్ తన ఖైదీలను అక్కడికే తోలేసేది. ఆ దారి మూసుకుపోయాక జైళ్లు నిండాయి. థేమ్స్ నదిలో పాత ఓడలను జైళ్లుగా మార్చినా చాల్లేదు. దాంతో ద్వీపాంతరవాసానికి ఆస్ట్రేలియాను ఎంచుకున్నారు. వేల ఏళ్లుగా అక్కడ బతుకుతున్న మూలవాసులను మాత్రం ఎవరూ అడగలేదు.

[తెరపై: 11 ఓడలు, 1787 మే]

నౌకాదళ కెప్టెన్ ఆర్థర్ ఫిలిప్ నడిపించిన మొదటి ఓడల దళం ఎనిమిది నెలల ప్రయాణం చేసినా, దారిలో చనిపోయినవాళ్లు 50 మంది లోపే. ఆయన ముందునుంచే తిండి గురించి, శుభ్రత గురించి అధికారుల వెంటపడ్డాడు.

రెండో దళం, అంటే మొదట చూసిన ఆ మూడు ఓడల కాంట్రాక్టు క్యామ్డెన్, కాల్వర్ట్ అండ్ కింగ్ కంపెనీకి దక్కింది. వీళ్లది బానిసల వ్యాపారం. ఆ ఓడల్లో వాడే సంకెళ్లే ఖైదీలకూ వేశారు: రెండు చీలమండల మధ్య పొట్టి ఇనుప కడ్డీ. కాలు కదపడమే కష్టం. సముద్రపు నీళ్లు లోపలికి వస్తే తడుస్తూ అలాగే పడి ఉండాలి.

ఇక్కడ లెక్క చూడండి. ఖైదీ చనిపోతే కాంట్రాక్టరుకు నష్టమేమీ లేదు. పైగా అతని వాటా తిండి మిగులుతుంది. మిగిలిన సరుకులను సిడ్నీలో దిగాక అమ్ముకున్నారు కూడా. కింద చీకట్లో ఖైదీలు పక్కవాడు పోయినా బయటికి చెప్పేవాళ్లు కాదు, వాడి రేషన్ తమకు వస్తుందని.

[తెరపై: నెప్ట్యూన్ ఓడ. ఎక్కినవాళ్లు సుమారు 500. చనిపోయినవాళ్లు 158.]

మూడు ఓడలూ కలిపితే నలుగురిలో ఒకరు పోయారు. తీరం చేరాక, చాలామందిని పీపాల్లా తాళ్లకు కట్టి దించాల్సి వచ్చింది. కొందరు పైకి తెచ్చి గాలి తగలగానే ప్రాణం వదిలారు. నెప్ట్యూన్ కెప్టెన్ డొనాల్డ్ ట్రెయిల్ మీద 1792లో లండన్‌లో హత్య కేసు నడిచింది. నిర్దోషిగా బయటపడ్డాడు.

తర్వాత ఏమైంది? డబ్బులో కొంత ఖైదీ క్షేమంగా దిగాకే ఇచ్చేలా ఒప్పందాలు మార్చారు, దాంతో మరణాలు ఆగిపోయాయి అని ఎకనామిక్స్ పాఠాల్లో చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది గానీ, సగమే నిజం. 1799లో సిడ్నీ చేరిన హిల్స్‌బరో ఓడకూ అలాంటి ఒప్పందమే ఉంది. 300 మంది ఎక్కితే 95 మంది జైలు జ్వరంతో, అంటే పేల ద్వారా పాకే టైఫస్‌తో చచ్చిపోయారు. బోనస్ ఆశ చూపిస్తే పేలు ఓడ దిగిపోవు కదా!

[తెరపై: విలియం రెడ్‌ఫర్న్]

పరిస్థితిని నిజంగా మార్చిన నివేదిక ఒక మాజీ ఖైదీ రాశాడు. రెడ్‌ఫర్న్ నౌకాదళ డాక్టరు. 1797లో బ్రిటిష్ నావికుల తిరుగుబాటులో చిక్కుకుని మరణశిక్ష పడి, అది తగ్గి ఇదే దారిలో ఆస్ట్రేలియా చేరాడు. 1814లో మూడు ఓడల్లో మరణాలు పెరిగితే గవర్నర్ ఆయన్నే విచారించమన్నాడు. గాలి ఆడాలి, డెక్ కడగాలి, ఖైదీలను రోజూ పైకి తేవాలి, అన్నిటికంటే ముఖ్యంగా కెప్టెన్ తోసిపుచ్చలేని నౌకాదళ డాక్టరు ఉండాలి అన్నాడు. మరుసటి ఏడాది నుంచి ఓడకో సర్జన్-సూపరింటెండెంట్ వచ్చాడు. మరణాలు వందకు ఒకటి దాకా పడిపోయాయి.

1868లో చివరి ఓడ హౌగోమాంట్ పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ రేవు చేరేసరికి, ఇలా ఆస్ట్రేలియాకు వెళ్లిన ఖైదీలు దాదాపు 1,62,000 మంది.