కాలి పుండు మానట్లేదా? ముందు వాపు సంగతి చూడండి

నమస్తే. నేను కర్నూలులో ఫిజియోథెరపిస్టుని. ఒక మాట వినీ వినీ విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నా. "పుండుకి గాలి తగలనీ, అదే ఎండిపోతుంది." ఇదీ ఆ మాట. మెడికల్ షాపులో చెప్తారు, పక్కింటివాళ్లు చెప్తారు, ఒక్కోసారి చదువుకున్నవాళ్లూ చెప్తారు.

కాలు ఏళ్ల తరబడి వాచి ఉంటుంది. చీలమండ పైన పుండు. దాని మీద పొడి చల్లుతారు. నాలుగు రోజులకు పొడి మారుస్తారు, తర్వాత ఆయింట్‌మెంటు మారుస్తారు, ఆ తర్వాత డాక్టర్నే మారుస్తారు. మధ్యలో పసుపు, వేపాకు ముద్ద, ఎవరో తెచ్చిచ్చిన పసరు. నెలలు గడిచినా పుండు అక్కడే. ఇంతమంది చూశారు కదా, వాచిన కాలుని టేపు పెట్టి కొలిచినవాళ్లు ఎంతమంది? నన్నడిగితే, పుండు మానకపోవడానికి అసలు కారణం అక్కడే ఉంది.

[స్క్రీన్ మీద: కేసీ కెనాల్ ఫోటో, పక్కన వరి మడి]

కర్నూలులో ఉండి కేసీ కెనాల్‌ని వదిలేసి పోలిక చెప్పడం నా వల్ల కాదు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు అందుకుని, నంద్యాల మీదుగా కడప దాకా పోయే కాలువ. దాని కింద ఒక మడి ఊహించుకోండి. తూము నుంచి నీళ్లు వస్తాయి, పైరు తాగినంత తాగుతుంది. మిగిలిన నీళ్లు మడి చివర మురుగు కాలువలో పడి వెళ్లిపోవాలి. తూము దగ్గర నీళ్ల కోసం కొట్లాడేవాళ్లని చూశాం గానీ, మురుగు కాలువ పూడిక తీయమని కొట్లాడినవాళ్లని నేనైతే చూడలేదు.

మన ఒంట్లో కూడా అంతే. గుండె నుంచి వచ్చే రక్తనాళాలు పారుదల కాలువలు. చివరి సన్నటి నాళాల నుంచి నీరు, కొంచెం ప్రొటీను కండలోకి, చర్మంలోకి ఊరుతూనే ఉంటాయి. అలా ఊరినదాన్ని మళ్లీ పోగుచేసి రక్తంలో కలిపే మురుగు కాలువలే లింఫ్ నాళాలు. రోజుకి రెండు మూడు లీటర్లు ఈ దారిన వెనక్కి వెళ్తాయి. చిన్న సంగతేం కాదు.

ఈ నాళాలను గాస్పారే అసెల్లి అనే ఇటలీ డాక్టర్ 1622లో ఒక కుక్క పొట్టలో తెల్లటి దారాల్లా చూశాడు. రక్తం ఒళ్లంతా తిరుగుతుందని విలియం హార్వే ప్రకటించింది 1628లో. అంటే అంతకు ఆరేళ్ల ముందే. అయినా గుండెకున్న గ్లామర్ వీటికి ఈ రోజుకీ రాలేదు. అదొక బాధ నాకు.

సరే. మురుగు కాలువ పూడితే ఏమవుతుంది? మడిలో నీళ్లు నిలుస్తాయి. కాలిలో అలా నిలిస్తే దాన్నే లింఫెడీమా అంటాం. పూడటానికి కారణాలు చాలా. మనకి బాగా తెలిసింది బోదకాలు. క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఫైలేరియా పురుగులు ఆ నాళాల్లోనే కాపురం పెట్టి వాటిని పాడుచేస్తాయి. కానీ వాచిన ప్రతి కాలూ బోదకాలు కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకి ఆపరేషనో రేడియేషనో అయిన ఆడవాళ్లకి గజ్జల్లో, పొత్తికడుపులో లింఫ్ గ్రంథులు దెబ్బతిని, ఏళ్ల తర్వాత కాలు వాచవచ్చు. ఉబ్బిన సిరలని ఏళ్లపాటు పట్టించుకోకపోయినా, ఒళ్లు బాగా పెరిగినా వస్తుంది. పుట్టుకతో నాళాలు సరిగా లేనివాళ్లూ ఉంటారు. వీటిలో ఏదీ ముట్టుకుంటే అంటుకోదు. ఫైలేరియా కూడా దోమ ద్వారానే వస్తుంది తప్ప మనిషిని తాకితే రాదు. కాలు వాచిన అవ్వకి పెళ్లి పంక్తిలో విడిగా ఆకు వేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అది చూస్తే ఒళ్లు మండుతుంది.

మళ్లీ మడి దగ్గరికి వద్దాం. నిలిచింది ఉత్త నీరే అయితే ఇంత గొడవ ఉండదు. ఏళ్ల తరబడి నీళ్లు నిలిచిన నేల చౌడు తేలడం చూశారు కదా? నీరు ఆవిరైపోతుంది, ఉప్పు ఉండిపోతుంది, నేల గట్టిపడుతుంది. కాలిలో ప్రొటీను అలా ఉండిపోతుంది. దాని చుట్టూ వాపు, కొవ్వు, నారలాంటి గట్టి కణజాలం చేరతాయి. మొదట్లో వేలితో నొక్కితే గుంట పడేది, తర్వాత పడదు. చర్మం మందమై గరుకెక్కుతుంది. ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. కాలి రెండో వేలు మొదట్లో చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి పైకి లాగండి. మడత అందకపోతే లింఫెడీమా అని అనుమానించాలి. దీన్ని స్టెమ్మర్ గుర్తు అంటారు. అందినంత మాత్రాన లేదని కాదు.

ఇక్కడే ఇంకో అలవాటు గురించి చెప్పాలి. కాలు వాచింది అనగానే మూత్రం ఎక్కువ పోయించే మాత్ర వేసేసుకోవడం. మడిలో నీళ్లు నిలిచాయని పైన కెనాల్‌లో నీళ్లు తగ్గిస్తే పూడిక పోతుందా? రెండు రోజులు వాపు తగ్గినట్టు అనిపిస్తుంది. ప్రొటీను అక్కడే ఉంటుంది, మళ్లీ నీటిని లాక్కుంటుంది. గుండెకో కిడ్నీకో డాక్టరు రాసిన మాత్ర వేరే విషయం, దాన్ని నా వీడియో చూసి ఆపకండి. రెండు కాళ్లూ సమానంగా వాస్తుంటే గుండె, కిడ్నీ, లివరు, థైరాయిడ్ చూపించుకోండి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్‌తో కూడా పాదాలు వాస్తాయి, అదీ డాక్టరుకి చెప్పండి. ఒక్క కాలే హఠాత్తుగా వాచి, పిక్క నొప్పి పెడితే అదే రోజు ఆస్పత్రికి పోవాలి. సిరలో రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు.

ఇప్పుడు అసలు పుండు.

ఊట పడుతున్న మడిలో నారు నిలబడదు. పుండు అంచుల నుంచి కొత్త చర్మం నారులాగా లోపలికి పాకాలి. కింద నుంచి నీరు ఊరుతూ ఉంటే ఎక్కడ పట్టు దొరుకుతుంది? పొడి చల్లితే పైన పెచ్చు కడుతుంది, కింద అదే ఊట. అలాగని ఎండబెట్టినా నారు బతకదు. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద చూపించాడు: గాలికి ఎండిన గాయం మీద కంటే కప్పి ఉంచిన గాయం మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంగా పాకింది. అరవై ఏళ్లు దాటింది. ఈ కబురు మన మెడికల్ షాపులకు ఇంకా చేరలేదు.

కాబట్టి పుండుకి కావాల్సింది తేమ. మడుగు వద్దు, బీటలు వద్దు. పుండుకి అతుక్కోని పొర ఒకటి, దాని మీద స్రావాన్ని పీల్చే ప్యాడ్. కడగడానికి సెలైన్, లేదా కాచి చల్లార్చిన నీళ్లు చాలు. బుసబుస నురగొచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ రోజూ పోస్తే క్రిములతో పాటు కొత్తగా పుట్టే కణాలూ చస్తాయి. మండితే మందు పనిచేస్తోందని సంబరపడేవాళ్లుంటారు. మంట వేరు, మానడం వేరు. పాత పుండులో పరీక్ష చేస్తే ఏదో ఒక బాక్టీరియా దొరకడం మామూలే, దానికే యాంటిబయాటిక్ మింగనక్కర్లేదు. ఎరుపు పాకడం, వేడి, కొత్తగా నొప్పి, చీము, జ్వరం, వీటిలో ఏదైనా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇదంతా చేసినా వాపు తగ్గించకపోతే పైపై పనే. దానికి కావాల్సింది కట్టు.

[స్క్రీన్ మీద: రెండు రకాల బ్యాండేజీలు]

నందికొట్కూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నన్ను అడిగింది, "ఏం నాయనా, ఇంత గట్టిగా బిగిస్తే కాలు మురిగిపోదా?" మంచి ప్రశ్న. నేను చెప్పింది ఇదే, "గట్టు లేకపోతే నీళ్లు కాలువలో పడవు కదవ్వా." మెత్తటి గట్టుకి ఎన్ని నీళ్లు తోసినా గట్టు జరుగుతుంది తప్ప నీళ్లు కదలవు. షాపులో దొరికే సాగే క్రేప్ బ్యాండేజీ అలాంటిది. తక్కువగా సాగే బ్యాండేజీలు ఉంటాయి, అవి గట్టి గట్టు. నడిచినప్పుడు పిక్క కండ ఉబ్బి ఆ గట్టుకి తగులుతుంది, ఆ ఒత్తిడికి నీరు లింఫ్ నాళాల్లోకి తోసుకుపోతుంది. పడుకుంటే ఒత్తిడి తక్కువే ఉంటుంది. అందుకే కట్టు కట్టుకుని మంచం మీద కూర్చుంటే సగం పని కూడా జరగదు.

మన పోలిక ఒక్కచోట చెల్లదు. కాలువ తనంతట తాను కదలదు, లింఫ్ నాళం కదులుతుంది. దాని గోడలు నిమిషానికి కొన్నిసార్లు ముడుచుకుని నీటిని పైకి తోస్తాయి, వెనక్కి జారకుండా లోపల కవాటాలుంటాయి. దానికి తోడు కండ కదలిక, గట్టిగా తీసుకునే ఊపిరి. మడమ పైకి కిందికి ఆడించే వ్యాయామం చెప్పేది అందుకే.

కట్టు ఎలా కట్టాలి? కాలి వేళ్ల మొదలు నుంచి మోకాలి కింద దాకా, మడమని కూడా కలుపుకుని. పుండు చుట్టూ మాత్రమే కడితే కట్టు కింద పాదం బుంగలా వాస్తుంది. చీలమండ దగ్గర ఒత్తిడి ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. వేళ్లు నల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగినా వెంటనే విప్పేయాలి.

ఒక హెచ్చరిక, ఇది మాత్రం దాటేయొద్దు. కట్టు కట్టేముందు కాలికి రక్తం సరిగా వస్తోందో లేదో చూపించుకోవాలి. చేతిలో, చీలమండలో బీపీ కొలిచి పోల్చే పరీక్ష ఉంది, ఏబీపీఐ అంటారు. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే లెక్క అది. 0.8 కంటే తక్కువుంటే పూర్తి ఒత్తిడి కట్టు కట్టకూడదు. షుగరున్నవాళ్లలో నాళాలు గట్టిపడి ఈ లెక్క తప్పుదారి పట్టించవచ్చు, వాళ్లకి నాళాల్లో రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్ మేలు. బీడీ తాగేవాళ్లు, కాలి వేళ్ల మీద పుండున్నవాళ్లు, రాత్రి కాలు కిందికి వేలాడేస్తే తప్ప నొప్పి తగ్గనివాళ్లు ముందు సర్జన్ దగ్గరికి వెళ్లండి. అరికాల్లో నొప్పిలేని పుండు షుగరు పుండు కావచ్చు, దాని వైద్యం వేరు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లూ డాక్టర్ని అడగకుండా కట్టొద్దు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా.

కాలు కడగడం: రోజూ సబ్బు, మామూలు నీళ్లు. షుగరున్నవాళ్లు వేడినీళ్లు పెట్టుకోకండి, స్పర్శ లేక కాల్చుకుంటారు. వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి. సందుల్లో తెల్లగా చీలుతుంటే అది ఫంగస్, క్రీము వాడాలి. జ్వరాలకి దారి చాలాసార్లు అక్కడే తెరుచుకుంటుంది. మిగతా కాలికి కొబ్బరినూనె, పుండు మీద మాత్రం కాదు. చేలో చెప్పులు లేకుండా దిగొద్దు, ఒక్క తుమ్మముల్లు చాలు. మే నెలలో ఇక్కడి ఎండకి కట్టు కట్టుకోమంటే నన్ను తిట్టుకుంటారు, తెలుసు. నడక, పొలం పని తెల్లవారుజామునకి మార్చుకోండి, కట్టు మాత్రం మానకండి.

చలి వణుకుతో జ్వరం, కాలు ఎర్రగా వేడిగా మారితే అది సెల్యులైటిస్, అంటే చర్మం లోపల పాకే ఇన్ఫెక్షన్. ఆ రోజే యాంటిబయాటిక్ పడాలి, నాటువైద్యం చూద్దాంలే అనుకోవద్దు. ప్రతిసారీ అది ఇంకొంచెం పూడిక పోసి వెళ్తుంది. మాటిమాటికీ వస్తుంటే పెన్సిలిన్ నెలల తరబడి వాడాల్సి రావచ్చు, డాక్టర్ని అడగండి. సరైన కట్టు కట్టినా మూడు నెలలకి మానని పుండు, అంచులు పైకి లేచి గట్టిపడ్డ పుండు ఉంటే ముక్క తీసి పరీక్షకి పంపమనండి. పాత పుండులో అరుదుగా క్యాన్సరు పుడుతుంది.

ఎక్కడ చూపించాలి? కర్నూలు, అనంతపురం, కడపల్లో ప్రభుత్వ సర్వజన ఆస్పత్రులున్నాయి. సర్జరీ ఓపీకి వెళ్లి "పుండు" అని ఒక్కటే చెప్పకండి. "కాలు ఇన్నేళ్లుగా వాస్తోంది, దాని మీద పుండు పడింది" అని చెప్పండి. ఉబ్బిన సిరలుంటే వాటిని తొందరగా సరిచేస్తే పుండు త్వరగా మానుతుందని 2018లో బ్రిటన్ అధ్యయనం ఒకటి తేల్చింది, ఆ సంగతి కూడా అడగండి. రెండు కాళ్లకీ నాలుగో గ్రేడు బోదకాలున్నవాళ్లకి ఎన్టీఆర్ భరోసాలో ప్రత్యేక పింఛను ఉంది, సచివాలయంలో కనుక్కోండి.

పుండు మానాక కట్టు తీసేసి పండగ చేసుకునేవాళ్లే మళ్లీ పుండుతో వస్తారు. అప్పుడు కాలిని బిగించి పట్టే కంప్రెషన్ సాక్స్ వేసుకోవాలి, సుమారు ఆరు నెలలకి సాగిపోతాయి, మార్చాలి. కొలత ఉదయం మంచం దిగకముందే తీసుకోండి. సాయంత్రం వాచిన కాలికి కొలిచి కొంటే పొద్దున వదులైపోయి కిందికి జారిపోతాయి.