అష్టమి నాడు బయల్దేరండి: బాజమ్ ఉప్పుటేటి చుట్టూ ఒక నడక

నమస్తే అండీ. "లండన్ బ్రిడ్జీలూ కోటలూ చాలు గానీ, అక్కడి పల్లెటూరు చూపించవే" అని పిన్నులూ పెద్దమ్మలూ అడుగుతున్నారు కదా, ఇవాళ్టి వీడియో వాళ్ళ కోసం. ఇది ఇంగ్లాండు దక్షిణ తీరంలో, వెస్ట్ ససెక్స్‌లో, చిచెస్టర్ హార్బర్ ఒడ్డున ఉన్న ఊరు. బోర్డు మీద అక్షరాలు కూడబలుక్కుంటే "బోషమ్" అని వస్తుంది, కానీ ఊరివాళ్ళంతా "బాజమ్" అంటారు. టికెట్ అడిగేటప్పుడు బాజమ్ అనే అడగండి.

లండన్ విక్టోరియా నుంచి చిచెస్టర్‌కి రైల్లో గంటన్నర పైన. అక్కడ బండి మారితే బాజమ్ స్టేషన్ పక్కనే. స్టేషన్ నుంచి నీళ్ళ ఒడ్డుకి ఇంకో అరగంట నడక. చిచెస్టర్ నుంచి బస్సు కూడా ఉంది. ఇంగ్లాండులో చాలా బస్సుల్లో 2025 జనవరి నుంచి ఒక ప్రయాణానికి 3 పౌండ్లే గరిష్ఠం, మన డబ్బుల్లో దాదాపు 350 రూపాయలు. అయిదు కిలోమీటర్ల దూరానికి 350 అంటే అమ్మ ఉలిక్కిపడుతుంది. ఇక్కడ మాత్రం అది చవకే.

ఇప్పుడు అసలు సంగతి. ఇదిగో, కెమెరా కిందికి తిప్పుతున్నాను. తారు రోడ్డు కనిపిస్తోందా? దాని మీద నాచు చూడండి. దీని పేరు షోర్ రోడ్. రోజుకి రెండుసార్లు ఇది సముద్రం. పోటుకి రోడ్డు మునుగుతుందని బోర్డులు పెట్టారు, అయినా కార్లు ఆపి వెళ్ళేవాళ్ళు ఆపుతూనే ఉంటారు. ఉప్పునీళ్ళు బ్రేకుల్లోకీ వైర్లలోకీ వెళ్తే ఆ రోజు బండి కదిలినా, తర్వాత తుప్పు తన పని తాను చేసుకుంటూ పోతుంది. ఒడ్డునున్న ఇళ్ళ గుమ్మాలు ఎంత ఎత్తున ఉన్నాయో చూడండి. వాకిట్లోకి సముద్రం వస్తుందని తెలిసి కట్టిన ఇళ్ళు అవి.

ఉప్పుటేరు అంటే మన కోస్తావాళ్ళకి చెప్పక్కర్లేదు. తేడా అంతా పోటు ఎత్తులో ఉంది. ఇక్కడ అమావాస్యకీ పౌర్ణమికీ వచ్చే పెద్ద పోటుకి నీటిమట్టం దాదాపు 4 మీటర్లు లేచి దిగుతుంది, చిన్న పోటుకి దాదాపు 2 మీటర్లు. నీళ్ళు ఎక్కడానికి 7 గంటలు పడితే దిగడానికి 5 గంటలే. అందుకే ఆటు మొదలయ్యాక పడవలు చూస్తుండగానే బురదలో ఒరిగిపోతాయి.

నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, గోడ మీది తెలుగు క్యాలెండర్ ఇక్కడ చక్కగా పనికొస్తుంది. ఈ తీరంలో అమావాస్య, పౌర్ణమి నాడూ, తర్వాతి ఒకటి రెండు రోజులూ పూర్తి పోటు దాదాపు మిట్టమధ్యాహ్నం, మళ్ళీ అర్ధరాత్రి వస్తుంది. వేసవిలో గడియారం గంట ముందుకి జరుపుతారు కాబట్టి ఒంటిగంట ప్రాంతంలో అనుకోండి. అంటే పౌర్ణమి చూసుకుని భోజనం వేళకి ఇక్కడికొస్తే రోడ్డు నీళ్ళ కింద ఉంటుంది, ఒడ్డు బాటా ఉండదు. అష్టమి దాటాక, నవమి దశమి దగ్గర, పోటు ఉదయం ఆరేడుకీ సాయంత్రం ఆరేడుకీ పడుతుంది. మధ్యాహ్నమంతా ఆటే. అష్టమి నవములు ప్రయాణానికి పనికిరావంటారు కదా, ఈ నడకకి మాత్రం అవే మంచి రోజులు. పంచాంగంతో రోజు ఎంచుకోండి, గంట మాత్రం పోటు పట్టికలోనే చూడండి. ఆ పట్టిక గ్రీనిచ్ టైములో ఉందో వేసవి టైములో ఉందో గమనించండి. చాలామంది పొరపడేది ఆ ఒక్క గంట దగ్గరే. వాయుపీడనం ఒక మిల్లీబార్ తగ్గితే నీళ్ళు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. తుఫానుకి పీడనం బాగా పడిపోతుంది కాబట్టి ఆ రోజు పట్టికని నమ్మి ఒడ్డంట వెళ్ళొద్దు.

నడక చర్చి దగ్గర మొదలు. తర్వాత ఇంగ్లాండు రాజైన హెరాల్డ్ గుర్రమెక్కి ఈ చర్చికి వస్తున్నట్టు, ఫ్రాన్సులోని బేయూ ఊరి పేరుతో పిలిచే 11వ శతాబ్దపు కుట్టుపని వస్త్రం మీద బాజమ్ పేరుతో సహా ఉంది. దాదాపు 70 మీటర్ల గుడ్డ మీద ఉన్ని దారాలతో కుట్టిన చరిత్ర! కెరటాలని ఆగమని కన్యూట్ రాజు ఆజ్ఞాపించింది ఇక్కడేనని ఊరివాళ్ళ మాట, వేరే ఊళ్ళూ ఆ కథ మాదంటాయి. ఆయన కూతురు ఎనిమిదేళ్ళ వయసులో ఇక్కడి మిల్లు కాలవలో పడి చనిపోయిందని కూడా చెప్తారు. 1865లో చర్చి నేల కింద చిన్నపిల్ల రాతి సమాధి బయటపడింది.

చర్చి నుంచి ఏటి మొన చుట్టూ షోర్ రోడ్ మీదుగా అవతలి ఒడ్డుకి వెళ్ళి, దక్షిణంగా బాజమ్ హో వైపు నడవాలి. ఇక్కడ బాట కొంతదూరం గులకరాళ్ళ మీదే, పోటుకి మునిగే చోట. పూర్తి పోటు అయిన మూడు గంటలకి బయల్దేరితే నిదానంగా వెళ్ళొచ్చు. నీళ్ళు ఇంకా దిగకపోతే ఆగండి, లేదా లోపలి దారి పట్టండి. దగ్గరదారి కదా అని బురదలోకి మాత్రం దిగొద్దు. పైన గట్టిగా కనిపిస్తుంది, లోపల మోకాలి లోతు. కాలు దిగబడితే గుంజకుండా వెనక్కి వాలి బరువు పరిచి, 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని చెప్పాలి.

అక్టోబరు నుంచి మార్చి దాకా వస్తే బ్రెంట్ బాతులు కనిపిస్తాయి. సైబీరియా నుంచి గుంపులుగా వచ్చి బురదలో పెరిగే సముద్రపు గడ్డి తింటాయి, అది అయిపోతే పక్క చేలల్లో దిగుతాయి. లేపకండి. లేచి ఎగిరిన ప్రతిసారీ తిన్న తిండి కరిగిపోతుంది, చలికాలంలో అది వాటికి పెద్ద నష్టం.

బాజమ్ హో మొన దగ్గర, ఎదుటి ఒడ్డున ఉన్న ఇచ్నర్ ఊరికి వెళ్ళే చిన్న పడవ రేవుంది. మనం దాటకుండా పొలాల మీదుగా తిరిగి వస్తాం, మొత్తం ఆరేడు కిలోమీటర్లు. గుంజ మీద పసుపు బాణం అంటే కాలిబాట, నీలం అంటే గుర్రాలకీ సైకిళ్ళకీ కూడా. బాట ఒకరి సొంత చేను మధ్యలోంచే పోతుంది, అడిగేవాళ్ళుండరు. 1990 చట్టం ప్రకారం రైతు దున్నితే 14 రోజుల్లో కనీసం మీటరు వెడల్పు బాట మళ్ళీ సాపు చెయ్యాలి. గోధుమ చేలో పాపిట తీసినట్టుండేది అదే. గేటు ఎలా ఉంటే అలా వదిలెయ్యండి, మూసి ఉంటే మూసి. ఎదురొచ్చేవాళ్ళు "మార్నింగ్" అంటారు, మీరూ అనండి. కొన్ని వారాంతాల్లో ఇంటి బయట వినపడే మనిషి గొంతు ఆ ఒక్కటే.

తిరిగొచ్చాక బూట్లు మంచినీళ్ళతో కడగాలి. ఉప్పు ఎండితే తోలు పగులుతుంది. హీటర్ పక్కన పెట్టకండి, లోపల పాత పేపర్లు కుక్కి గాలికి ఆరనివ్వండి.